రక్తంలో ఎంత ఉంది, ఒళ్లు ఎంత చేసింది: ఒక లెక్క వెనక ఉన్న చరిత్ర



ఈసారి పోస్టు పొడుగ్గానే ఉంటది. తీరిక చేసుకుని చదవండి. ఎంపీసీ వాళ్లకూ, బైపీసీ వాళ్లకూ ఇద్దరికీ సంబంధించిన విషయం. మన గ్రూపులో భూముల చరిత్ర, పోరాటాల చరిత్ర చాలా రాసుకున్నాం. ఈసారి ఒక లెక్క చరిత్ర రాస్తున్నాం. రక్తం చుక్క తీసుకుని, అందులో ఉన్న ఒక ప్రొటీన్‌ను కొలిచి, లోపల ఎక్కడో ఉన్న అవయవం దాన్ని నిమిషానికి ఎంత తయారు చేస్తోందో చెప్పే లెక్క.

ఇది మనకెందుకు అంటారా? మన ఏజెన్సీ ఊళ్లలో షుగర్ అంటే లావుగా ఉన్నోళ్ల జబ్బు, పట్నం జబ్బు అనే మాట ఇంకా ఉంది. కానీ సన్నగా, ఎముకలు కనబడేంత బక్కగా ఉన్న కుర్రాడికి షుగర్ వస్తే? అది టైప్ 1 అని ఒకరంటారు, టైప్ 2 అని ఒకరంటారు. ఒకరు ఇంజెక్షన్ రాస్తారు, ఒకరు గోలీలు రాస్తారు. తేల్చడానికి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ ఒళ్లు సొంతంగా ఇన్సులిన్ ఎంత తయారు చేస్తోంది? ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నేర్చుకోవడానికే లోకానికి కొన్ని పదుల ఏళ్లు పట్టింది.

మొదట ప్రశ్న ఎందుకు కష్టమో చూద్దాం. ఊరి బయట ఒక కుంట ఉందనుకోండి. పైనుంచి వాగు నీళ్లు వచ్చి పడతాయి, కింద తూము గుండా పోతాయి. మీరు గట్టు మీద నిలబడి నీటిమట్టం మాత్రమే చూడగలరు, వాగు దగ్గరికి పోయే దారి లేదు. ఇప్పుడు వాగు ఎంత పారుతోందో చెప్పండి. మట్టం ఎక్కువగా ఉంటే వాగు జోరుగా పారుతోందని చెప్పేయొచ్చా? చెప్పలేం. తూము పూడుకుపోయి ఉండొచ్చు. మట్టం తక్కువుంటే వాగు ఎండిందనీ అనలేం, తూము పూర్తిగా తెరిచి ఉండొచ్చు. మట్టం వేరు, పారుదల వేరు. ల్యాబ్ చీటీ మీద వచ్చే అంకె మట్టం. డాక్టరుకు కావాల్సింది వాగు.

ఒంట్లో వస్తువులు నిలవ ఉండవనీ, ఎప్పుడూ తయారవుతూ కరిగిపోతూ ఉంటాయనీ గట్టిగా చూపించినవాడు రుడాల్ఫ్ షోన్‌హైమర్. హిట్లర్ వచ్చిన 1933లో జర్మనీ వదిలి న్యూయార్క్ చేరిన యూదు శాస్త్రవేత్త. బరువైన నైట్రోజన్ అణువులను గుర్తుగా పెట్టి, తిండిలో ఇచ్చి, అవి ఒంట్లో ఎక్కడెక్కడ తేలతాయో చూశాడు. కండ కూడా రోజూ మారుతూనే ఉంటదని తేలింది. 1937లో స్వీడన్‌లో టోర్స్టెన్ టెయొరెల్ అనే ఆయన ఒంటిని కొన్ని గదులుగా, అంటే కంపార్ట్‌మెంట్లుగా ఊహించుకుని, మందు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎంత వేగంగా పోతుందో సమీకరణాలు రాశాడు. కుంట లెక్క అప్పటికే తయారైందన్నమాట. లేనిది కొలత.

ఎందుకు లేదంటే, ఇన్సులిన్ రక్తంలో ఉండేది అంత తక్కువ. పరగడుపున ఒక మిల్లీలీటరు సీరంలో ఉండే ఇన్సులిన్ ఒక నానోగ్రాములో మూడో వంతు మాత్రమే. అదే మిల్లీలీటరులో మిగతా ప్రొటీన్లు 70 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. లెక్క వేసుకుంటే సుమారు 20 కోట్ల వంతుల్లో ఒక వంతు. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను వెలికి తీశారు, 1922 జనవరిలో మొదటి రోగికి ఇచ్చారు, ఎంతోమంది బతికారు. కానీ ఒక మనిషి రక్తంలో సొంత ఇన్సులిన్ ఎంత ఉందో చెప్పడం దాదాపు 40 ఏళ్ల దాకా సరిగా చేతకాలేదు. ఎలుక కండ ముక్క మీద రక్తం పోసి అది ఎంత చక్కెర పీల్చుకుందో చూడటం లాంటి పద్ధతులు ఉండేవి. వాటిని నమ్మి ముందుకు పోలేం.

ఇక్కడ ఒకామె గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. రోజలిన్ యాలో. 1921లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో పుట్టింది. అమ్మానాన్నలిద్దరూ హైస్కూలు కూడా చదవలేదు. ఫీజు లేని ఆడపిల్లల కాలేజీ హంటర్‌లో ఫిజిక్స్ చదివింది. యూదు పిల్ల, పైగా ఆడపిల్ల, ఫిజిక్స్‌లో పీజీ సీటు ఎవరిస్తారని, ముందు సెక్రటరీ పని ఒప్పుకుంది, స్టెనోగ్రఫీ నేర్చుకోమన్నారు. యుద్ధం వచ్చి మగవాళ్లు మిలిటరీకి పోవడంతో సీట్లు ఖాళీ అయ్యాయి. 1941లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేరింది. ఆ ఇంజనీరింగ్ కాలేజీ అధ్యాపక వర్గంలో 400 మంది ఉంటే ఆడమనిషి ఈమె ఒక్కతే. 1945లో న్యూక్లియర్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ పూర్తి చేసింది. మన దగ్గర మొదటి తరం చదువుకున్న ఆడపిల్లలకు ఈ కథలో కొత్తేమీ కనబడదు, ఊరి పేర్లు మారతాయంతే.

1947లో ఆమె బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆస్పత్రిలో చేరింది. ల్యాబ్ కోసం ఇచ్చింది చీపుర్లు, బకెట్లు పెట్టుకునే గది. దాన్నే రేడియో ఐసోటోపుల ల్యాబ్‌గా మార్చింది. 1950లో సాలమన్ బెర్సన్ అనే యువ డాక్టర్ వచ్చి కలిశాడు. ఆమెకు మెడిసిన్ తెలియదు, ఆయనకు ఫిజిక్స్ అంతగా తెలియదు. ఒకరికొకరు నేర్పుకున్నారు. ఆ తర్వాత 22 ఏళ్లు కలిసే పనిచేశారు.

వాళ్లు మొదట పట్టుకున్నది ఇన్సులిన్ ఎంత ఉందన్న ప్రశ్న కాదు, ఎంత వేగంగా మాయమవుతోందన్న ప్రశ్న. అంటే తూము లెక్క. ఆర్థర్ మర్‌స్కీ అనే శాస్త్రవేత్త, పెద్దవయసులో షుగర్ వచ్చేవాళ్ల ఒంట్లో ఇన్సులిన్ తొందరగా విరిగిపోతుందేమోనని ఊహ చేశాడు. సరే చూద్దామని వీళ్లు రేడియో అయోడిన్ తగిలించిన ఇన్సులిన్‌ను మనుషులకు ఎక్కించి, రక్తంలో అది ఎంత సేపటికి తగ్గుతుందో కొలిచారు. అనుకున్నదానికి ఉల్టా వచ్చింది. అంతకు ముందు ఇన్సులిన్ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లలో అది ఇంకా నెమ్మదిగా తగ్గింది. ఎందుకని తవ్వితే, ఆవు, పంది ఇన్సులిన్ తీసుకున్నవాళ్ల రక్తంలో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై, అవి ఇన్సులిన్‌ను పట్టుకుని కూర్చుంటున్నాయి.

ఇంత చిన్న ప్రొటీన్‌కు యాంటీబాడీలా, కుదరదు అన్నారు అప్పటి పెద్దలు. సైన్స్ పత్రిక పేపరు వెనక్కి పంపింది. ఇంకో పత్రిక కూడా ముందు తిప్పి పంపింది, చివరికి శీర్షికలోంచి యాంటీబాడీ అనే మాట తీసేస్తేనే 1956లో వేసింది. యాలో ఆ తిరస్కరణ ఉత్తరాన్ని జాగ్రత్తగా దాచుకుని, 21 ఏళ్ల తర్వాత నోబెల్ ఉపన్యాసంలో అందరికీ చూపించింది. మాకు ఆ పట్టుదల నచ్చింది, దాచిపెట్టడం కూడా నచ్చింది.

ఆ యాంటీబాడీల నుంచే కొలత పుట్టింది. ఒక గొట్టంలో కొన్ని యాంటీబాడీలు, కొంత రేడియో గుర్తున్న ఇన్సులిన్ వేస్తారు. తర్వాత రోగి సీరం వేస్తారు. అందులో ఉన్న గుర్తులేని ఇన్సులిన్ కూడా అవే యాంటీబాడీల కోసం పోటీ పడుతుంది. బస్సులో సీట్లు నలభై, రెండు ఊళ్ల జనం ఒకేసారి ఎక్కారు. మన ఊరి వాళ్లు ఎంతమంది నిలబడి పోయారో చూస్తే పక్క ఊరి వాళ్లు ఎంతమంది వచ్చారో చెప్పొచ్చు. అంతే సూత్రం. దీన్నే రేడియో ఇమ్యునో అసే అంటారు. 1959, 1960ల్లో మనిషి రక్తంలో ఇన్సులిన్‌ను ఇలా కొలిచి చూపించారు. పెద్దవయసు షుగర్ వాళ్లలో చాలామందికి ఇన్సులిన్ లేకపోవడం కాదు, ఎక్కువే ఉందని అప్పుడే తెలిసింది. ఈ పద్ధతి మీద పేటెంట్ తీసుకోలేదు వాళ్లు. ఎవరైనా వాడుకోండి అని వదిలేశారు. బెర్సన్ 1972లో చనిపోయాడు. 1977లో నోబెల్ యాలోకు వచ్చింది, వైద్యంలో ఆ బహుమతి అందుకున్న రెండో స్త్రీ ఆమె.

మట్టం కొలత వచ్చేసింది. మరి వాగు? ఇక్కడ ఒక చిక్కు.

ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో, అంటే పాంక్రియాస్‌లో. అక్కడి నుంచి వచ్చే రక్తం చేతి నరంలోకి సూటిగా రాదు. ముందు కాలేయానికి పోతుంది. కాలేయం తన వాటా తీసుకుని మిగతాది వదులుతుంది. ఆ వాటా తక్కువేం కాదు, మొదటిసారి పోయేటప్పుడే దాదాపు సగం. పైగా ఆ సగం కూడా స్థిరంగా ఉండదు, మనిషిని బట్టి, తిన్న తిండిని బట్టి, కాలేయంలో కొవ్వును బట్టి మారుతుంది. కాబట్టి చేతి నుంచి తీసిన రక్తంలో ఇన్సులిన్ ఎక్కువుంటే పాంక్రియాస్ ఎక్కువ చేసిందా, కాలేయం తక్కువ తీసుకుందా? తెలియదు. తయారైన ఇన్సులిన్ ఎంతో చూడాలంటే కాలేయానికి ముందున్న నరంలోకి గొట్టం వేయాలి. ఆపరేషన్ బల్ల మీద తప్ప అది మామూలు మనిషికి చేసే పని కాదు.

దారి చూపింది షికాగో విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ స్టైనర్. 1967లో, ఇన్సులిన్ తయారుచేసే గడ్డ ఉన్న ఒక రోగి నుంచి తీసిన కణజాలం మీద పనిచేస్తూ, ఇన్సులిన్ మొదట్లోనే ఇన్సులిన్‌గా పుట్టదని కనిపెట్టాడు. ముందు ఒక పొడుగాటి గొలుసుగా పుడుతుంది, దాని పేరు ప్రోఇన్సులిన్. మనిషిలో 86 అమైనో ఆమ్లాలు. తర్వాత మధ్య ముక్కను కత్తిరించి తీసేస్తే, 30 ఉన్న ముక్క, 21 ఉన్న ముక్క కలిసి 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్ అవుతుంది. కత్తిరింపు దగ్గర నాలుగు అమైనో ఆమ్లాలు రాలిపోతాయి. మిగిలిన 31 అమైనో ఆమ్లాల మధ్య ముక్కే సి-పెప్టైడ్. కలిపి ఉంచే ముక్క అని ఆ పేరు.

అసలు సంగతి ఏమిటంటే, ఈ మధ్య ముక్కను కణం పారేయదు. ఇన్సులిన్‌తో పాటే ఒకే సంచిలో పెట్టి రక్తంలోకి వదులుతుంది. ఒక ఇన్సులిన్ అణువుకు ఒక సి-పెప్టైడ్ అణువు, సరిగ్గా సమానం. కాలేయం సి-పెప్టైడ్‌ను దాదాపు ముట్టుకోదు. దాన్ని తీసేసేది ఎక్కువగా కిడ్నీలు.

మన వాళ్లకు సారపప్పుతో చెప్తే తొందరగా అర్థమైతది. ఇంట్లో గింజలు కొట్టి పప్పు తీశారు. సంతకు తీసుకుపోతుంటే దారిలో దళారి సగం పప్పు కొనేశాడు. సంతలో మిగిలిన పప్పు చూసి ఇంట్లో ఎంత కొట్టారో చెప్పలేం. కానీ పెంకులు దళారికి అక్కర్లేదు. పెంకులు లెక్కపెడితే ఎన్ని గింజలు పగిలాయో తెలిసిపోతది. సి-పెప్టైడ్ ఆ పెంకు.

ఇంకో లాభం కూడా ఉంది. బయటి నుంచి ఇంజెక్షన్‌గా ఇచ్చే ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ ఉండదు. కాబట్టి రోజూ ఇన్సులిన్ పొడుచుకునే మనిషిలో కూడా సొంత తయారీ ఎంతో విడిగా కనబడుతుంది. రక్తంలో ఇన్సులిన్ విపరీతంగా ఉండి సి-పెప్టైడ్ మాత్రం అడుగంటి ఉంటే, ఆ ఇన్సులిన్ బయటి నుంచి వచ్చిందని డాక్టర్లు పట్టేస్తారు.

ఇక లెక్కలోకి దిగుదాం. ఎంపీసీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెన్ను తీయండి.

పరగడుపున, రాత్రంతా ఏమీ తినకుండా ఉన్నప్పుడు మట్టం దాదాపు కదలకుండా ఉంటుంది. అంటే వచ్చేదీ పోయేదీ సమానం. పోయేది ఎంత? కిడ్నీలు, మిగతా ఒళ్లు కలిసి పెద్దవాళ్లలో నిమిషానికి సుమారు పావు లీటరు ప్లాస్మాను సి-పెప్టైడ్ లేకుండా శుభ్రం చేస్తాయనుకోండి. మట్టం లీటరుకు 400 పికోమోల్ ఉందనుకోండి. 400ని 0.25తో గుణిస్తే నిమిషానికి 100 పికోమోల్ పోతోంది. మట్టం మారట్లేదు కాబట్టి పాంక్రియాస్ నిమిషానికి 100 పికోమోల్ చేస్తోంది. గంటకు 6000. ఇన్సులిన్ ఒక యూనిట్ అంటే సుమారు 6000 పికోమోల్. అంటే గంటకు ఒక యూనిట్! ఏమీ తినకుండా ఊరికే కూర్చున్నా ఒళ్లు రోజుకు 24 యూనిట్లు చేసుకుంటుందన్నమాట. టైప్ 1 వాళ్లకు రాసే రోజంతటి బేసల్ డోసు ఈ అంకె చుట్టుపక్కల ఎందుకు ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది కదా.

అన్నం తిన్న తర్వాత మట్టం పెరుగుతుంది. అప్పుడు సూత్రానికి ఇంకో ముక్క చేరుతుంది. వచ్చేది అంటే పోయేది, దానికి తోడు కుంటలో పెరిగినది. పది నిమిషాల్లో మట్టం 400 నుంచి 700కు పోయిందనుకోండి. సి-పెప్టైడ్ చేరే మొదటి గది సుమారు 4 లీటర్లు. పెరిగినది 300ని 4తో గుణిస్తే 1200 పికోమోల్, నిమిషానికి 120. ఈలోగా సగటు మట్టం 550, పోయినది నిమిషానికి 137. రెండూ కలిపితే 257. మట్టం రెండు రెట్లు కూడా కాలేదు, తయారీ మాత్రం రెండున్నర రెట్లు దాటింది. వట్టి చీటీ మీది అంకె చూసినవాళ్లకు ఇది కనబడదు. కాలిక్యులస్ చదివినవాళ్లు దీన్నే డిఫరెన్షియల్ ఈక్వేషన్ అంటారు, మట్టం మారే వేగం ఈజ్ ఈక్వల్ టు వచ్చేది మైనస్ పోయేది.

ఇంత సులువైతే చరిత్ర రాయాల్సిన పనేముంది. చిక్కులు రెండు.

సి-పెప్టైడ్ రక్తంలోనే ఉండిపోదు, కణాల మధ్య ఉండే నీళ్లలోకి ఇంకుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. పెద్ద కుంట పక్కన చిన్న కుంట, మధ్యలో కాలువ. అందుకే ఒక్కసారి సి-పెప్టైడ్ ఎక్కించి చూస్తే అది ఒకే వేగంతో తగ్గదు. మొదట సుమారు 5 నిమిషాలకు సగం అయ్యే వేగంతో జారి, తర్వాత అరగంటకు పైగా పట్టే వేగంతో నెమ్మదిస్తుంది. పైన మనం వేసిన ఒక కుంట లెక్క భోజనం తర్వాత తయారీని తక్కువ చేసి చూపిస్తుంది, ఎందుకంటే కొంత పక్క కుంటలోకి పోయింది కదా. 1980లో అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రానికి చెందిన ఈటన్, ఆయన జట్టు ఈ రెండు గదుల నమూనాను సి-పెప్టైడ్‌కు పెట్టి, చేతి రక్తం నుంచి కాలేయానికి ముందటి ఇన్సులిన్ తయారీని లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు.

రెండో చిక్కు కొలతలో ఉండే తప్పు. ల్యాబ్ కొలత 5 శాతం అటూఇటూ ఉంటుందనుకోండి. 700లో 5 శాతం 35. దాన్ని 4 లీటర్లతో గుణిస్తే 140 పికోమోల్. నిమిషం తేడాతో రెండు శాంపిళ్లు తీస్తే, ఏమీ జరగకపోయినా నిమిషానికి 140 పికోమోల్ తయారీ పెరిగిందని లెక్క చెప్పేస్తుంది. పరగడుపు తయారీ మొత్తమే 100! శాంపిళ్లు ఎంత దగ్గరగా తీస్తే అంత మంచిదని అనుకుంటాం, నిజానికి వేగం లెక్కలో చిన్న తప్పు పెద్దదైపోతుంది. మట్టం నుంచి వెనక్కి పోయి పారుదలను విడదీసే ఈ పనికి డీకాన్వొల్యూషన్ అని పేరు. నునుపు చేయడం ఎంతవరకు, ఎక్కడ ఆపాలి అన్నది ఇందులో పెద్ద విద్య. గ్రోత్ హార్మోన్ లాంటివి దఫదఫాలుగా ఎలా విడుదలవుతాయో చూడటానికి 1987లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో వెల్డ్‌హ్యూస్, జాన్సన్ జట్టు కూడా ఇదే దారి పట్టారు.

మరి లెక్క నిజమని ఎవరు చెప్పాలి? ఈ భాగం మాకు అన్నిటికంటే నచ్చింది. షికాగోలో కెన్నెత్ పొలోన్‌స్కీ, ఆర్థర్ రూబెన్‌స్టైన్ జట్టు 1986లో అచ్చం పరీక్ష పెట్టినట్టే చేశారు. జీవసాంకేతిక పద్ధతిలో తయారైన మనిషి సి-పెప్టైడ్ అప్పటికి చేతికొచ్చింది. సొంత తయారీ లేని టైప్ 1 రోగులకూ, ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లకూ దాన్ని తమకు తెలిసిన వేగంతో, పెంచుతూ తగ్గిస్తూ ఎక్కించారు. తర్వాత రక్తం కొలతల నుంచి లెక్కవేసి, లెక్క చెప్పిన వేగం తాము ఎక్కించిన వేగంతో కలుస్తోందా అని చూశారు. కలిసింది. జవాబు ముందే కవర్లో పెట్టి సీలు వేసి లెక్క చేయించడం లాంటిది. 1988లో ఇదే పద్ధతితో 24 గంటల తయారీని గీసి చూపించారు. రోజు మొత్తం తయారీలో దాదాపు సగం తిండితో సంబంధం లేకుండా వచ్చేదేనని తేలింది.

కానీ ప్రతి మనిషికీ ముందు ఒకరోజు సి-పెప్టైడ్ ఎక్కించి అతని తూము కొలవాలంటే ఆస్పత్రుల్లో కుదరదు. 1992లో ఈవ్ వాన్ కాటర్, షికాగో సహచరులతో కలిసి దీనికి ఉపాయం చెప్పింది. మామూలువాళ్లు, లావుగా ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు కలిపి 200 మందిలో తూము కొలతలన్నీ తీసుకుని, వయసు, ఆడామగా, ఎత్తు, బరువు తెలిస్తే చాలు, ఆ మనిషి తూము ఎంతో అంచనా వేసే సూత్రం తయారు చేసింది. విడిగా కొలిచినదానికీ అంచనాకూ తేడా 10 నుంచి 12 శాతమే వచ్చింది. ఆ సూత్రాలు ఇప్పటికీ లోకమంతా వాడుతున్నారు.

ఇక్కడ మనం ఆగి ఒక మాట అడగాలి. ఆ తూము ఎవరిది? కిడ్నీ ఎలా పనిచేస్తే సి-పెప్టైడ్ తూము అలా ఉంటుంది. కిడ్నీ దెబ్బతిన్న మనిషిలో తయారీ తక్కువైనా మట్టం ఎక్కువ కనబడుతుంది. మన దగ్గర సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు ఉన్నారు. ఆ జబ్బులో చిన్న వయసులో కిడ్నీ మామూలుకంటే ఎక్కువ వడపోస్తుంది, వయసు పెరిగేకొద్దీ దెబ్బతింటుంది. అంటే తూము మొదట వెడల్పు, తర్వాత ఇరుకు. అలాంటి ఒంటికి సగటు తూము పెట్టి లెక్కవేస్తే వాగు తప్పు చూపిస్తుంది. మూడు నెలల షుగర్ టెస్టు అని పిలిచే హెచ్‌బీఏ1సీతో కూడా ఇదే బాధ. ఎర్రకణం 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీద ఆ టెస్టు నిలబడింది. సికిల్ సెల్ జబ్బులో ఎర్రకణం చాలా ముందే చనిపోతుంది, కాబట్టి షుగర్ ఉన్నా అంకె తక్కువ రావచ్చు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, 2047 లక్ష్యం. మన ఊళ్లలోనూ స్క్రీనింగ్ కార్డులు ఇస్తున్నారు. షుగర్ టెస్టుకు పోయినప్పుడు ఆ కార్డు కూడా చూపించండి. నేరుగా గ్లూకోజ్ కొలిచే టెస్టు చేయమని అడగండి.

ఇప్పుడు మొదట్లో అన్న బక్క కుర్రాడి సంగతి. 1955లో జమైకాలో హ్యూ-జోన్స్ అనే డాక్టర్, టైప్ 1 లోనూ, టైప్ 2 లోనూ సరిగా ఇమడని షుగర్ రోగుల గురించి రాశాడు. మనకు పక్కనే ఒడిశాలోని కటక్‌లో త్రిపాఠి అనే డాక్టర్ 1960ల్లో సన్నటి, పోషణ లేని షుగర్ రోగుల గురించి రాశారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పోషకాహార లోపంతో వచ్చే షుగర్ అని ఒక విడి తరగతి పెట్టింది. 1999లో సాక్ష్యం చాలదని తీసేసింది. తరగతి పోయింది, రోగులు పోలేదు. కాగితం మీద పేరు లేకపోతే మనిషే లేనట్టు చూడటం మనకు తెలియని విషయమా?

సాక్ష్యం అంటే ఏమిటి? ఒళ్లు ఎంత ఇన్సులిన్ చేస్తోంది, ఉన్నది సరిగా పనిచేస్తోందా అన్నది విడివిడిగా కొలిచి చూపించడం. 2022లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్లు, న్యూయార్క్ ఐన్‌స్టీన్ మెడికల్ కాలేజీ మెరెడిత్ హాకిన్స్ జట్టుతో కలిసి ఆ పని చేశారు. ఇన్సులిన్ తయారీని చూశారు. బరువు తక్కువున్న షుగర్ రోగుల్లో తయారీ, షుగర్ లేని సన్నటివాళ్ల కంటే, టైప్ 2 వాళ్ల కంటే తక్కువ వచ్చింది. కానీ టైప్ 2 లో లాగా ఇన్సులిన్ పనిచేయకపోవడం వాళ్ల సమస్య కాదు, కాలేయంలో కొవ్వు కూడా తక్కువే. అంటే వీళ్లది వేరే జబ్బు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దీనికి టైప్ 5 అని పేరు పెట్టింది. ఐన్‌స్టీన్ కాలేజీ ఉన్నది కూడా బ్రాంక్స్‌లోనే, యాలో పుట్టి పనిచేసిన చోటే.

ఒక జాగ్రత్త. ఇది చదివి ఎవరూ ఇంజెక్షన్ మానేయొద్దు. టైప్ 1 అయితే రోజుల్లోనే ప్రాణం పోతుంది. చేయాల్సింది ఏమిటంటే, మీ ఇంట్లో గానీ హాస్టల్లో గానీ బక్కగా ఉన్న మనిషికి షుగర్ అని తేలితే, సి-పెప్టైడ్ టెస్టు చేయిస్తారా, కిడ్నీ కోసం క్రియాటినిన్ కూడా చూస్తారా అని డాక్టరును మర్యాదగా అడగండి. టైప్ 1 లో అది చివరికి దాదాపు అడుగంటిపోతుంది. కొంత ఉండి, మనిషి సన్నగా ఉంటే డాక్టరు ఇంకోలా ఆలోచిస్తారు. పూటకూ పూటకూ తిండి గ్యారంటీ లేని ఇంట్లో ఇన్సులిన్ డోసు కాస్త ఎక్కువైనా షుగర్ పడిపోయి మీదికొస్తది, ఆ సంగతి కూడా డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పాలి.

పోతూ పోతూ ఎంపీసీ వాళ్లకు ఒక లెక్క. అదే మనిషి, 4 లీటర్ల కుంట, నిమిషానికి పావు లీటరు తూము, పక్క కుంటను వదిలేయండి. పది నిమిషాల్లో సి-పెప్టైడ్ 700 నుంచి 500కు పడిపోయింది. ఆ పది నిమిషాల్లో పాంక్రియాస్ నిమిషానికి ఎంత చేసింది? మట్టం పడిపోతోంది కదా అని సున్నా అని రాయకండి. వేసిన మెట్లన్నీ కింద రాయండి, బైపీసీ వాళ్లు దిద్దుతారు.